నూట యాభై అడుగుల లోతుకు గాలం: సాల్మన్ వేటకు డౌన్‌రిగ్గర్, ఎరలు ఎంచుకునే తీరు

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే హనుమకొండ, వరంగల్, కాజీపేటలో అమెరికా ప్రయాణాలు మొదలవుతాయి. పిల్లలు సియాటిల్, రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు ఉద్యోగాల్లో ఉంటే అమ్మానాన్నలు కొన్ని నెలలు ఉండి రావడానికి బయలుదేరుతారు. వాళ్లలో చిన్నప్పుడు ధర్మసాగర్ కట్ట మీదో, వడ్డేపల్లి చెరువు దగ్గరో గాలం వేసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ చెయ్యి ఊరుకోదు. అక్కడ సముద్రం దగ్గర్లోనే ఉందనీ, జులై నుంచి సెప్టెంబర్ దాకా అందులో సాల్మన్ వస్తుందనీ తెలుస్తుంది. కొడుకో, అల్లుడో, వాళ్ల ఆఫీసు మిత్రుడో పడవ సిద్ధం చేస్తాడు. ఆ తర్వాత ఫోన్‌కు ఫొటోలు వస్తాయి. దుకాణంలో గోడ నిండా వేలాడుతున్న ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగు ఎరలు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, వీటిల ఏది కొనాలె?"

ఆ తీరంలో కొన్నేళ్లు ఉండి వచ్చినవాణ్ని కాబట్టి నన్ను అడుగుతారు. నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. గోడ మీదున్నవాటి సంగతి చివర్లో చూద్దాం. మొదట తేల్చుకోవాల్సింది లోతు. తర్వాత వేగం. ఆ తర్వాత ఎర పరిమాణం, అది నీళ్లలో కదిలే తీరు. రంగు వీటన్నిటి తర్వాత. కొత్తవాళ్లు డబ్బు ఖర్చు పెట్టే వరుస మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. రంగులకు రెండు వందల డాలర్లు పెట్టి, వాటిని లోతుకు దింపే డౌన్‌రిగ్గర్ అనే సాధనం దగ్గర పొదుపు చేస్తారు. అక్కడే పని చెడిపోతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో నాకు అర్థమవుతుంది. మన చెరువుల అనుభవం వేరు. మన దగ్గర పదిహేను, ఇరవై అడుగులు దాటే చోట్లు తక్కువ. బొచ్చె, రవ్వ కోసం వేసేటప్పుడు తంగూసు దారం మీద బెండును పైకో కిందికో జరిపితే ఎర లోతు మారుతుంది. లోతు సర్దుబాటు అంతటితో అయిపోతుంది. ఇక కొర్రమీను సంగతి చెప్పనే అక్కర్లేదు. మన రాష్ట్ర చేప అయిన కొర్రమీను గాలి పీల్చే చేప. మొప్పలతో పాటు తలలో గాలి తీసుకునే ప్రత్యేక అవయవం ఉంటుంది కాబట్టి మాటిమాటికీ పైకి రావాల్సిందే. తామరాకుల మధ్య, గడ్డి అంచున, అరచేతిలోతు నీళ్లలో కూడా దొరుకుతుంది. అందుకే రబ్బరు కప్పను నీటి మీద జరజరా లాగితే ఎగిరి పట్టుకుంటుంది. కొర్రమీను దగ్గర ఎర ఏదన్నదే పెద్ద ప్రశ్న, ఎందుకంటే లోతు ప్రశ్నకు ఆ చేపే జవాబు చెప్పేసింది.

సాల్మన్ అలా చెప్పదు. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ హిమానీనదాలు తొలిచినది. దానిలో అన్నిటికన్నా లోతైన చోటు దాదాపు 930 అడుగులు. ఆ నీళ్లలో చేప ముప్పై అడుగుల దగ్గర ఉండొచ్చు, నూట ఎనభై దగ్గర ఉండొచ్చు. మీ ఎర దానికి యాభై అడుగులు పైన పోతుంటే, ఎంత మంచి రంగైనా అది చూడదు.

ఏ చేప ఏ లోతున

పసిఫిక్ సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగి వస్తుంది. గుడ్లు పెట్టాక చనిపోతుంది. నదిలోకి ఎక్కాక తిండి మానేస్తుంది. ఉప్పునీళ్లలో ఉన్నంత కాలం మాత్రం హెర్రింగ్, ఆంకోవీ, శాండ్‌ల్యాన్స్ అనే చిన్న చేపల్ని వెంటాడి తింటూ ఉంటుంది. మన వేట అంతా ఈ ఆకలి మీద ఆధారపడింది. చిన్న చేపలు ఏ లోతున గుంపు కట్టాయో పెద్ద చేప కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది.

ప్యూజెట్ సౌండ్‌లో పడవల మీద వెళ్లేవాళ్లు ఎక్కువగా వెతికేవి మూడు రకాలు. చినూక్ అన్నిటికన్నా పెద్దది, లోతుగా తిరిగేది. తెల్లవారుజామున పైకి రావచ్చు గానీ ఎండ ఎక్కేకొద్దీ 90 అడుగుల నుంచి 180 అడుగుల దాకా, చాలాసార్లు నేలకు దగ్గరగా ఉంటుంది. బ్లాక్‌మౌత్ అని పిలిచే ఎదుగుతున్న చినూక్ మరీ నేలను అంటిపెట్టుకుని తిరుగుతుంది. దానికోసం ఎరను లోతుకు లాగే సీసం గుండును నేల తగిలేదాకా దింపి, అక్కణ్నుంచి ఐదారు అడుగులు పైకెత్తి లాగుతారు. కోహో దానికి పూర్తిగా భిన్నం. తెల్లవారుతూనే 20, 30 అడుగుల్లో ఉంటుంది, ఎండ పెరిగాక 60, 90 అడుగులకు దిగుతుంది. పింక్ సాల్మన్ చిన్నది, బేసి సంవత్సరాల్లో మాత్రమే ఇక్కడ గుంపులుగా వస్తుంది. 2023లో వచ్చింది, 2025లో వచ్చింది. సరి సంవత్సరంలో వెళ్లేవాళ్లు పింక్ ఎరలు కొనాల్సిన పని లేదు.

కాబట్టి మొదట అడగాల్సింది, "మనం వెళ్లే నెలలో ఏ చేపకు అనుమతి ఉంది?" అని. దాన్నిబట్టి లోతు, లోతును బట్టి సాధనం. కోహో కోసం మాత్రమే వెళ్తుంటే డౌన్‌రిగ్గర్ లేకుండా కూడా గడుస్తుంది. చినూక్ కోసం పడవ నడుపుతూ లాగాలంటే దాదాపు తప్పదు.

డౌన్‌రిగ్గర్ చేసే పని

పడవ నడుస్తుంటే దారం నీటిలో వెనక్కి, పైకి నెట్టుకు వస్తుంది. పావు కిలో సీసం కట్టినా కొన్ని పదుల అడుగులు దాటి దిగడం కష్టం. అర కిలో కట్టామనుకోండి, చేప పడ్డాక ఆ బరువు కూడా మన రాడ్ మీదే ఉంటుంది. చేప పోరాటం తెలియదు, చేతులు నొప్పి పుడతాయి.

డౌన్‌రిగ్గర్ ఈ చిక్కును తేలిగ్గా విడదీసింది. బరువును ఒక తీగకు, ఎరను మరో దారానికి కట్టింది. పడవ అంచున బిగించిన చక్రానికి బలమైన తీగ చుట్టి ఉంటుంది. తీగ చివర ఐదారు కిలోల సీసం గుండు. గుండు దగ్గర ఒక క్లిప్. మన రాడ్ నుంచి వచ్చే దారాన్ని ఆ క్లిప్‌లో నొక్కి పెట్టి గుండును దింపుతాం. దారం గుండుతో పాటు దిగుతుంది. చేప ఎరను కొట్టగానే దారం క్లిప్ నుంచి ఊడిపోతుంది. అక్కణ్నుంచి చేపకూ మనకూ మధ్య ఏ బరువూ ఉండదు. ఎంత దింపామో చూపించే మీటర్ పక్కనే ఉంటుంది కాబట్టి, ఒకసారి చేప 110 అడుగుల దగ్గర పడితే రెండోసారి అదే 110కి దింపొచ్చు. నా దృష్టిలో ఈ సాధనం గొప్పతనం ఇదే. ఎంత లోతుకు పోతుందన్నది కాదు, పోయిన చోటికే మళ్లీ పోగలగడం.

కొనేటప్పుడు రెండు దారులు. చేత్తో తిప్పేది కొన్ని వందల డాలర్లలో వస్తుంది, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. కరెంటుతో నడిచేది వెయ్యి డాలర్ల అటూ ఇటూ ఉంటుంది. పడవ బ్యాటరీ నుంచి గట్టి వైరు, బ్రేకర్ కావాలి. స్కాటీ, కానన్ అనే రెండు కంపెనీల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. రెండూ నమ్మదగ్గవే. నా సలహా అడిగితే, అరవై డెబ్బై అడుగుల లోపు కోహో వేటకు చేతిది చాలు. నూట యాభై అడుగుల నుంచి ఐదున్నర కిలోల గుండును ఉదయమంతా మాటిమాటికీ పైకి తిప్పడం అంటే భుజాలు పడిపోతాయి. పైగా విసుగొచ్చి మధ్యలో ఎర చూసుకోవడం మానేస్తాం. ఎరకు నాచు పట్టిందో, చిన్న చేప వేలాడుతోందో తెలియకుండా గంటసేపు లాగితే ఆ గంట వృథా. చినూక్ కోసమే వెళ్లేవాళ్లు, అరవై దాటిన నాన్నగారు కూడా పడవలో ఉంటే, కరెంటుదే తీసుకోండి. పాతది దొరికినా మంచిదే, తీగ, మీటర్, క్లచ్ చూసుకుంటే చాలు.

తీగలోనూ రెండు రకాలు. పాతకాలం నుంచి ఉన్నది స్టెయిన్‌లెస్ స్టీలు. ఇప్పుడు జడలా అల్లిన సింథటిక్ దారం వాడుతున్నవాళ్లు పెరిగారు. స్టీలు తీగ నీళ్లలో కూనిరాగం తీస్తుంది, మెలిక పడితే అక్కడే తెగుతుంది, తెగిన పోగు వేళ్లలో గుచ్చుకుంటుంది. అల్లిన దారానికి ఆ బాధలు లేవు గానీ రాయికో, పీతల బుట్ట తాడుకో రాసుకుంటే త్వరగా కోసుకుపోతుంది. కొత్తగా కొనేవాళ్లకు అల్లిన దారమే చెప్తాను. ప్రతి నాలుగైదు వేటలకూ చివరి కొన్ని అడుగులు కోసేసి కొత్తగా ముడి వేసుకోవాలి.

స్టీలు తీగ వాడేవాళ్లకు ఇంకో మాట వినిపిస్తుంది. ఉప్పునీళ్లలో వేర్వేరు లోహాలు కలిస్తే సన్నటి విద్యుత్తు పుడుతుంది. ఆ తీగ చుట్టూ వోల్టేజీ అర వోల్టు పైచిలుకు ఉంటే సాల్మన్‌కు నచ్చుతుందని, దాన్ని సరిచేసే బ్లాక్‌బాక్స్ అనే పరికరం అమ్ముతారు. వాణిజ్యంగా వేటాడేవాళ్లలో దీన్ని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. మొదటి ఏడాది దానికి డబ్బు పెట్టొద్దు. పడవ అడుగున ఉండే జింకు ముక్కలు అరిగిపోయాయేమో చూసుకుని, ఎర్తింగ్ సరిగ్గా ఉంచుకుంటే చాలు. అల్లిన దారం వాడితే ఈ చర్చే అక్కర్లేదు.

మీటర్ చెప్పేది లోతు కాదు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను. మీటర్ 150 అని చూపిస్తే, 150 అడుగుల తీగ వదిలామని మాత్రమే అర్థం. గుండు 150 అడుగుల లోతున ఉందని కాదు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేటప్పుడు చేతిలో రెండు వందల గజాల మాంజా వదిలినా పటం తలమీద రెండు వందల గజాల ఎత్తున ఉండదు కదా, గాలి దాన్ని పక్కకు నెడుతుంది. అదే బొమ్మను నీటి కిందికి తిరగేసి చూడండి. పడవ ముందుకు పోతుంటే నీరు తీగను, గుండును వెనక్కి నెడుతుంది.

ఎంత తేడా వస్తుందో చిన్న లెక్క. తీగ నిట్టనిలువు నుంచి 20 డిగ్రీలు వెనక్కి వాలితే, 150 అడుగుల తీగకు గుండు దాదాపు 141 అడుగుల దగ్గర ఉంటుంది. 30 డిగ్రీలైతే 130. 45 డిగ్రీలైతే 106. తీగ ఎక్కడా వంపు లేకుండా తిన్నగా ఉందనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి నీళ్లలో తీగ కాస్త వంపు తిరుగుతుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా విషయం స్పష్టం. 45 డిగ్రీల వాలు దగ్గర నలభై నాలుగు అడుగులు పోయాయి. చేపలు 150 దగ్గర ఉన్నాయని సోనార్ తెర చూపిస్తుంటే, మీ ఎర వాటి నెత్తిమీద నాలుగు అంతస్తుల ఎత్తున పోతోంది.

గుండు బరువు ఎంపిక అంతా ఈ వాలు చుట్టూనే తిరుగుతుంది. 8 పౌండ్ల గుండు చెరువులకు, పైపై లోతులకు సరిపోతుంది. 10 పౌండ్లు కోహోకు బాగుంటుంది. ప్యూజెట్ సౌండ్‌లో చినూక్ వేటకు 12 పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోలు, మామూలు. ఆటుపోట్లు గట్టిగా లాగే చోట, వంద అడుగులు దాటాక, 15 పౌండ్లు ఉంటే నిశ్చింత. డౌన్‌రిగ్గర్ ఎంత బరువు మోయగలదో దాని మీద రాసి ఉంటుంది, ముందు అది చూడండి. గుండుకు వెనక చిన్న రెక్క ఉన్నది తీసుకుంటే తనచుట్టూ తాను తిరగదు, దారాలు పెనవేసుకోవు. బరువు దగ్గర తటపటాయిస్తే పెద్దదే కొనండి. ఎక్కువ బరువుతో ఎవరి వేటా చెడిపోలేదు, చేతితో తిప్పేవాళ్ల భుజాలు తప్ప.

పడవ మీద గుండును పైకి తెచ్చాక అది ఊగుతూ ఉంటుంది. అలల్లో ఐదు కిలోల సీసం ఊగితే పడవ అంచును పగలగొడుతుంది, మోకాలికి తగిలితే ఇంక ఆ రోజు వేట అయిపోయినట్టే. చిన్న తాడు కట్టి దగ్గరికి లాక్కోవాలి. గుండు అడుగున రాళ్లలో ఇరుక్కుంటే మొదట క్లచ్ వదులు చేసి పడవ ఆపండి. తీగను చేతికి చుట్టి లాగడం ఎవరైనా చేయబోతే గట్టిగా ఆపండి.

క్లిప్, రాడ్, దారం

క్లిప్ బిగువు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దాని మీద చాలా ఆధారపడి ఉంది. మరీ వదులుగా ఉంటే, ఎర ముందు కట్టే ఫ్లాషర్ అనే మెరుపు పలక లాగుడుకే ఊడిపోతుంది. మరీ బిగుతుగా ఉంటే చిన్న చేప పట్టుకున్నా ఊడదు, మనం తెలియక దాన్ని గంటసేపు ఈడ్చి చంపుతాం. చేతితో గట్టిగా కుదిపితే ఊడేంత బిగువు సరైనది. దింపాక రీలు తిప్పి రాడ్ కొన విల్లులా వంగేదాకా దారం బిగించాలి. చేప కొట్టి క్లిప్ ఊడగానే ఆ వంపు తనంతట తాను సర్దుకుంటూ దారంలోని వదులును లాగేసుకుంటుంది. కొన వంగి వంగి ఊగుతూ క్లిప్ మాత్రం ఊడకపోతే చిన్న చేప పడిందేమో అనుకుని పైకి తీసి చూడండి.

ఇందుకే రాడ్ ఎనిమిదిన్నర నుంచి పదిన్నర అడుగులు, మెత్తటి కొనది కావాలి. కొర్రమీనుకు వాడే గట్టి పొట్టి రాడ్ ఇక్కడ పనికిరాదు. దారం 25, 30 పౌండ్ల మామూలు నైలాన్ చాలు. అల్లిన దారం సన్నగా, నున్నగా ఉండి క్లిప్‌లో జారుతుంది. నైలాన్‌కు ఉన్న సాగే గుణం చేప తల విదిలించినప్పుడు కాపాడుతుంది కూడా.

క్లిప్ నుంచి ఎర దాకా ఎంత దారం వదలాలన్నది లోతును బట్టి మారుతుంది. లోతుగా, నేల దగ్గర లాగేటప్పుడు 15 నుంచి 25 అడుగులు. పైపైన కోహో కోసం లాగేటప్పుడు పడవ చప్పుడుకు దూరంగా ఉండాలని 40 అడుగులు, ఇంకా ఎక్కువ కూడా.

వేగాన్ని తీగ వాలులో చూడాలి

పడవలో జీపీఎస్ గంటకు ఇన్ని మైళ్లు అని చూపిస్తుంది. అది నేల మీద వేగం. ఎరకు కావాల్సింది నీటిలో వేగం. పోటు గంటకు రెండు మైళ్లతో ఎదురొస్తుంటే జీపీఎస్‌లో ఒకటే కనిపించొచ్చు, ఎర మాత్రం మూడు మైళ్ల వేగంతో గిరగిరా తిరుగుతుంటుంది. పోటుతో పాటు పోతే దీనికి వ్యతిరేకం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు తెర కన్నా తీగ వాలును ఎక్కువ చూస్తారు. చేప పడినప్పుడు తీగ ఎంత వాలి ఉందో గుర్తుపెట్టుకుని, దిశ మారినా అదే వాలు వచ్చేలా ఇంజను సర్దుతారు. మామూలుగా చినూక్‌కు నీటిలో గంటకు రెండు, రెండున్నర మైళ్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. కోహోకు కాస్త వేగం పెంచొచ్చు. పింక్‌కు తగ్గించాలి.

ఎరను దింపే ముందు పడవ పక్కనే నీళ్లలో పట్టి చూడటం అలవాటు చేసుకోండి. ఫ్లాషర్ పూర్తిగా చుట్టు తిరుగుతోందా, ఊగి ఊరుకుంటోందా, స్పూన్ అనే రేకు ఎర తన్నుకుంటోందా, బొంగరంలా తిరుగుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. పైన సరిగ్గా ఆడనిది కింద కూడా ఆడదు.

మలుపులు కూడా పాఠం చెప్తాయి. పడవ కుడివైపు తిరిగితే కుడివైపు ఎర నెమ్మదించి కిందికి దిగుతుంది, ఎడమవైపుది వేగం అందుకుని పైకి లేస్తుంది. మలుపులో లోపలి రాడ్‌కే చేపలు పడుతుంటే వేగం తగ్గించాలి, లేదా ఇంకొంచెం లోతుకు దింపాలి. బయటి రాడ్‌కు పడుతుంటే దానికి తిరగేసి. నేరుగా గీత గీసినట్టు పడవ నడిపేవాళ్లకు ఈ సమాచారం దొరకదు. అందుకే వంకరటింకరగా నడపమంటారు.

ఫ్లాషర్, దాని వెనక ఏం కట్టాలి

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. ముందుగా ఫ్లాషర్. 11 అంగుళాల పొడవున్న ప్లాస్టిక్ పలక ఇది. నీళ్లలో తిరుగుతూ మెరుస్తుంది. పెద్ద చేప చిన్న చేపల్లోకి దూసుకుపోయి తింటున్నట్టు దూరానికి కనిపిస్తుంది. కానీ దాని రెండో పని ఎక్కువ ముఖ్యం. వెనక కట్టిన ఎరను అటూ ఇటూ విసురుతుంది. ఫ్లాషర్‌కూ ఎరకూ మధ్య దారం ఎంత పొడవుండాలన్నది ఈ రెండో పనిని బట్టి తేలుతుంది. దాన్ని లీడర్ అంటారు. 30, 40 పౌండ్ల దారంతో కట్టుకోవాలి.

హూచీ అనేది చిన్న స్క్విడ్ ఆకారంలో ఉండే రబ్బరు ఎర. దానికి సొంత కదలిక లేదు. ఫ్లాషర్ విసిరితేనే ఆడుతుంది. కాబట్టి లీడర్ పొట్టిగా ఉండాలి, రెండు నుంచి మూడు అడుగులు, దారం కాస్త బిరుసుగా ఉంటే ఇంకా మేలు. పొడవు పెంచితే ఆ విసురు దారంలోనే ఆగిపోయి హూచీ చచ్చిన గుడ్డముక్కలా వెనక వస్తుంది. స్పూన్ లోహపు రేకు, వంపు ఉంటుంది కాబట్టి తనంతట తాను తన్నుకుంటుంది. దానికి మూడున్నర నుంచి ఐదు అడుగుల లీడర్ ఇస్తే ఫ్లాషర్ లాగుడు, దాని సొంత ఆట రెండూ కలుస్తాయి. నిజమైన హెర్రింగ్, ఆంకోవీ కట్టేటప్పుడు ఐదారు అడుగులు. ఎర నెమ్మదిగా మెలితిరుగుతూ గాయపడ్డ చేపలా కనిపించాలి, ఫ్లాషర్ దాన్ని చిందరవందర చేయకూడదు. ఒకే ఫ్లాషర్ వెనక ఎర మాత్రం మార్చి లీడర్ మార్చకపోవడం కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసే లోపం.

పరిమాణం ఆ నీళ్లలో ఆ వారం తిరుగుతున్న చిన్న చేపను బట్టి ఎంచుకోవాలి. మొదటి చేపను కోసినప్పుడు దాని పొట్ట చూడండి. సన్నగా పొడుగ్గా ఉన్న శాండ్‌ల్యాన్స్ కనిపిస్తే కోహో కిల్లర్ లాంటి సన్నటి స్పూన్. వెడల్పు హెర్రింగ్ ఉంటే మూడు, మూడున్నర అంగుళాల వెడల్పు స్పూన్. ఏమీ తెలియని మొదటి రోజుకు మూడున్నర అంగుళాల స్పూన్ ఒకటి చాలు. పింక్ కోసం చిన్న గులాబీ హూచీ, ముందు తెల్లటి డాడ్జర్ అనే ఊగే రేకు, నెమ్మదైన వేగం. ఇంతకు మించి దానికి అక్కర్లేదు.

ఇక రంగు. దీనికీ ఒక లెక్క ఉంది. నీళ్లలోకి దిగేకొద్దీ మొదట ఎరుపు మాయమవుతుంది. తర్వాత నారింజ, పసుపు. ఎక్కువ దూరం నిలిచేవి ఆకుపచ్చ, నీలం. ప్యూజెట్ సౌండ్ నీళ్లు సన్నటి నాచుతో పచ్చగా ఉంటాయి కాబట్టి అక్కడ ఆకుపచ్చ వెలుగే లోతుకు చేరుతుంది. వంద అడుగుల కింద ఎర్రటి స్పూన్ నల్లగా కనిపిస్తుంది. అందుకని లోతుకు ఆకుపచ్చ, తెలుపు కలిసినవి, చీకట్లో వెలిగే గ్లో రకాలు పెట్టుకోవాలి. గ్లో ఎరను దింపే ముందు టార్చ్ వెలుగు చూపించాలి, లేకపోతే అది వెలగదు. తెల్లవారుజామున, మబ్బు పట్టిన రోజున కూడా గ్లో మంచిది. ఎండలో, పైపై లోతుల్లో వెండి మెరుపు, నీలం, గులాబీ పనిచేస్తాయి. ఆకుపచ్చ గ్లో ఒకటి, తెలుపు ఒకటి, వెండి ఒకటి. ఈ మూడు స్పూన్లు, రెండు ఫ్లాషర్లు, ఇద్దరు ముగ్గురి మొదటి సీజన్‌కు సరిపోతాయని ధైర్యంగా చెప్తాను. పోయినవాటికి బదులుగా అవే మరో జత ఉంచుకోండి.

వాసన సంగతి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పుట్టిన నదిని వాసనతో గుర్తుపట్టి వచ్చే చేప ఇది. మనిషి చర్మం నుంచి వచ్చే సెరీన్ అనే అమైనో ఆమ్లానికి సాల్మన్ బెదురుతుందని పరిశోధనల్లో తేలింది. సన్‌స్క్రీన్, పెట్రోల్ అంటిన చేతులతోనూ, పొద్దున ఇంటినుంచి కట్టుకొచ్చిన పులిహోర, మామిడికాయ తొక్కు తిన్న చేతులతోనూ ఎర పట్టుకోవద్దు. అక్కడివాళ్లు నిమ్మవాసన ఉన్న గిన్నెల సబ్బుతో చేతులు, ఎరలు కడుగుతారు. నిజమైన హెర్రింగ్ వాడేవాళ్లు ముందు రాత్రి అయోడిన్ కలపని ఉప్పు నీళ్లలో నానబెడితే మాంసం గట్టిపడి ముల్లుకు నిలుస్తుంది. ఎండుచేపలకు ఉప్పు పట్టించిన చేతులకు ఇది కొత్త విద్య కాదు.

డౌన్‌రిగ్గర్ లేకపోతే

పడవ అద్దెకు తీసుకున్నా, మిత్రుడి పడవకు ఆ ఏర్పాటు లేకపోయినా దిగులు పడక్కర్లేదు. నీటిలోకి దూసుకెళ్లే డైవర్ అనే ప్లాస్టిక్ పళ్లెం దారానికి కడితే కోహో లోతులకు ఎర దిగుతుంది. పడవ ఇంజను ఆపి, నాలుగైదు ఔన్సుల సీసంతో కోసిన హెర్రింగ్‌ను నిలువుగా దింపి, నెమ్మదిగా పైకి తిప్పే మూచింగ్ అనే పాత పద్ధతి ఉంది. పోటు నెమ్మదించిన వేళ చినూక్‌ను కూడా పడుతుంది. కాజీపేట నుంచి వెళ్లిన ఒక పెద్దాయన, "కూసోని పట్టేది ఉంటే చెప్పు" అన్నారు. ఆయనకు చెప్పింది ఇదే. దారం వేలి మీద పెట్టుకుని చేప ముట్టడం తెలుసుకునే ఆ సుఖం డౌన్‌రిగ్గర్‌లో లేదు.

సొంతంగా ఏదైనా కొనే ముందు ఒక్కసారి చార్టర్ పడవలో, అంటే నడిపేవాళ్లతో సహా అద్దెకు దొరికే పడవలో, వెళ్లమని కూడా చెప్తాను. సామాను వాళ్లదే. ఎంత లోతు, తీగ ఎంత వాలు, లీడర్ ఎంత పొడవు అని అడిగి రాసుకోండి. దాచేవాళ్లు తక్కువ.

నిబంధనలు సామానులో భాగమే

వాషింగ్టన్‌లో చేప పట్టాలంటే లైసెన్సు, పట్టిన సాల్మన్‌ను వెంటనే నమోదు చేసే కార్డు ఉండాలి. సందర్శకులకు వేరే రుసుము ఉంటుంది. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను 1999లో అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు. అందుకే చేపల పెంపక కేంద్రాల్లో పెంచి వదిలే చేపపిల్లలకు వీపు చివర, తోకకు ముందుండే చిన్న మెత్తటి రెక్కను కత్తిరిస్తారు. రెక్క లేని చినూక్‌ను, కొలతకు తగ్గకపోతే, అనుమతి ఉన్న రోజుల్లో ఉంచుకోవచ్చు. రెక్క ఉన్నది సహజంగా పుట్టిన చేప, చాలా చోట్ల వదిలేయాలి. వదలాల్సిన చేపను పడవలోకి ఎత్తకూడదు కూడా. నీళ్లలో ఉండగానే రెక్క చూసి, ముల్లు తీసేయాలి.

దీనికి తగ్గ సామాను మొదటే కొనుక్కోవాలి. సాల్మన్‌కు వాడే గాలానికి కొన వెనకుండే ఎదురుముల్లు ఉండకూడదు. ఉన్నది కొంటే పటకారుతో నొక్కేయండి. దారం వదులు కాకుండా చూసుకుంటే చేప తప్పిపోదు. ముడులు లేని మెత్తటి వల, ముల్లు తీసే పొడుగు కొక్కెం, కొలత టేపు దగ్గర ఉంచండి. నేల దగ్గర లాగేటప్పుడు రాక్‌ఫిష్ పడుతుంది. లోతు నుంచి వేగంగా పైకి వస్తే దాని ఈత తిత్తి ఉబ్బి తిరిగి దిగలేక తేలిపోతుంది. దాన్ని మళ్లీ లోతుకు దింపే చిన్న పరికరం పడవలో ఉంచుకోండి.

ఏ ప్రాంతంలో ఏ చేపకు ఎన్ని రోజులు అనుమతి అన్నది ఏటా మారుతుంది. కేటాయించిన సంఖ్య నిండితే సీజన్ మధ్యలోనే ఆపేస్తారు. చినూక్‌కు ఇచ్చే రోజులు కొన్ని చోట్ల వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉంటాయి. బయలుదేరే ముందు రాత్రి వాషింగ్టన్ మత్స్య, వన్యప్రాణి విభాగం తాజా ప్రకటన చదివి, ఆ చేపకు తగ్గ గుండు, లీడర్లు అప్పుడే సర్దుకోండి.